కత్తెర తాతను ఎందుకు తీసేశామంటే

మా నానమ్మ ఒకే మనిషిని ముప్ఫై ఒక్క ఏళ్ళ పాటు పనిలోంచి తీసేస్తూనే ఉంది. పొద్దున తీసేస్తే మధ్యాహ్నానికి మర్చిపోయేది. సాయంత్రం తీసేస్తే తెల్లారేసరికి మర్చిపోయేది. నేను తొమ్మిదో తరగతి చదివిన ఏడాది, ఈ తీసివేతలన్నిటికీ బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో గీతలు పెడుతూ వచ్చాను. మొత్తం నూట పన్నెండు తేలాయి. ఆ ఏడు లెక్కల పరీక్షలో నాకొచ్చిన మార్కులు మాత్రం ఇక్కడ చెప్పను. అవి చూశాకే నన్ను బడి మాన్పించి గొడుగుల్లో పెట్టారు.

మాది గొడుగులు తయారుచేసే కార్ఖానా. కార్ఖానా అనగానే పొగగొట్టం ఊహించుకోకండి. బస్సు డిపో వెనక సందులో మూడు గదులు, అంతే. ముందు గదిలో తయారైన గొడుగులు కప్పునుంచి గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. నడిమి గదిలో కత్తిరింపు బల్ల, రెండు కుట్టు మిషన్లు ఉంటాయి. వెనక గదికి కిటికీ లేదు. దాన్ని చీకటి గది అంటాం. అందులో చిన్న బల్ల మీద ఒక బల్బు వెలుగుతుంటుంది. గొడుగు తెరిచి ఆ బల్బు మీద బోర్లిస్తే, గుడ్డలో సూదిమొనంత చిల్లు ఉన్నా చుక్కలా మెరుస్తుంది. చుక్క కనిపించిన గొడుగు వెనక్కి వస్తుంది. కనిపించకపోతే నానమ్మ దాని పిడి మీద సుద్దముక్కతో గీత పెడుతుంది. ఆ గీత లేనిదే మా గొడుగు గడప దాటదు.

మా తాతయ్య బతికుండగా చిరిగిన గొడుగులు బాగుచేసేవాడట. నానమ్మ కాపురానికొచ్చిన మూడో నెలలో, చెడిపోయాక బాగుచేసే బదులు చెడిపోనివి చేస్తే పోలేదా అందట. ఆయన నవ్వాడట. ఆవిడ నవ్వలేదు. మా నానమ్మ సంగతి ఈ ఒక్క ముక్కలో ఉంది. మనిషి నిలువునా నాలుగున్నర అడుగులు, అందులో సగం నోరే అని మా అమ్మ అంటుంది. అత్తగారు వినని చోట అంటుందనుకోండి.

పనివాళ్ళం నలుగురం. కుట్టు మిషన్ల దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వారంలో పని నెమ్మదిగా, మాట్లాడుకోని వారంలో చురుగ్గా సాగుతుంది. మూడోదాన్ని నేను. కుట్టిన గుడ్డను ఊచలకు సూదీదారంతో బిగించడం నా పని. ఇంట్లోనూ కొట్లోనూ నన్ను అందరూ కోతి అంటారు. నాలుగో మనిషి కత్తెర తాత.

కత్తెర తాత మాకు చుట్టమేమీ కాదు. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో పనికి వచ్చాడు, అరవై అయిదో ఏడు వచ్చినా కత్తిరిస్తూనే ఉన్నాడు. ఎనిమిది పొరల గుడ్డ పరిచి, పైన రేకు అచ్చు పెట్టి, సుద్దతో గీసి, మోచెయ్యంత కత్తెరతో ఒక్క ఊపులో కోస్తాడు. గొడుగుకు ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్క అంచులో సన్నటి వంపు ఉంటుంది. ఆ వంపు నూలుపోగంత తప్పినా గొడుగు తెరిచినప్పుడు ఒక పక్క బిగుసుకుని, ఇంకో పక్క ముసలివాళ్ళ బుగ్గలా వేలాడుతుంది. ఆయన చేతిలో ఆ వంపు తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

అయినా మాటిమాటికీ ఆయన ఉద్యోగం ఊడేది. వాన ఆలస్యమైతే ఊడేది. మా అమ్మ ఎదురు చెబితే ఊడేది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, మా ఇంట్లో దుత్త ఆయనే. నానమ్మ బల్ల దగ్గరికొచ్చి ఓ ముక్క పైకెత్తి చూసి, రేపట్నించి రాకు అనేది. ఆయన సరేనమ్మా అనేవాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నానమ్మ తాళంచెవి తీసుకుని వెళ్ళేసరికి మెట్టు మీద కూర్చుని ఉండేవాడు. ఎందుకొచ్చావని ఆవిడా అడగలేదు, ఎందుకు పొమ్మన్నారని ఆయనా అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఇలాగే హాయిగా గడిచిపోయాయి.

అప్పుడు కొత్త చట్టం వచ్చింది.

అంతకుముందు లేబరు చట్టాలు పదిమందికి పైగా పనిచేసే చోట్లకే ఉండేవి. నలుగురున్న మా సందులోకి అవి తొంగి కూడా చూడలేదు. కొత్త చట్టం మాత్రం, ఒక్క మనిషిని పనిలో పెట్టుకున్నా యజమాని యజమానే అంది. లేబర్ ఆఫీసునుంచి పన్నెండు పేజీల కాగితం వచ్చింది. చదివి వినిపించే పని నా మీద పడింది. ఎందుకంటే మిగతావాళ్ళందరికీ చేతిలో పని ఉంది.

ప్రతి పనిమనిషికీ ఉద్యోగపు ఉత్తరం ఇవ్వాలి. పని వేళలు గోడ మీద అంటించాలి. కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీలు ఉండాలి. మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉండాలి. నానమ్మ అన్నిటికీ తల ఊపింది. ఆ సాయంత్రమే గడియ బిగించింది, వారంలో నాలుగు కుర్చీలు తెప్పించింది. తోడికోడళ్ళు ముందు ఒకరి కుర్చీని ఒకరు చూసుకుని, తర్వాత మార్చుకుని, చివరికి మళ్ళీ మార్చుకున్నారు. కత్తిరింపు కూర్చుని చేసే పని కాదు కాబట్టి కత్తెర తాత తన కుర్చీకి చొక్కా తగిలించాడు. నాకూ ఉద్యోగపు ఉత్తరం ఇవ్వాలని చట్టంలో ఉందని చదివితే మాత్రం, కోతులకు ఉత్తరాలేమిటే అంది. ఇచ్చింది గానీ.

ఎనిమిదో పేజీ దగ్గర బండి ఆగిపోయింది. ఇకమీదట ఎవరినీ నోటిమాటతో పనిలోంచి తీసేయకూడదు. కారణం కాగితం మీద రాయాలి. ఆ కారణం చట్టం ఒప్పుకున్నదై ఉండాలి. పనివాడు ఏమంటాడో వినాలి. నెల గడువు ఇవ్వాలి.

నానమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివించుకుంది.

"నోటితో పెట్టుకున్న మనిషిని నోటితో తీసేయకూడదా?" అంది.

కూడదట అన్నాను. కత్తెర తాత బల్ల మీంచి తలెత్తకుండా కోస్తూనే ఉన్నాడు. ఆయన మీసం మాత్రం కొంచెం కదిలింది.

ఆ రోజు నుంచి మూడు వారాలు నానమ్మ నోరు కట్టేసుకుంది. ఆవిడ పడిన అవస్థ చెప్పనలవి కాదు. బల్ల దగ్గరికి వచ్చేది, ముక్క ఎత్తేది, నోరు తెరిచేది, మూసేది. ఆ కోపం పోయే దారి లేక నా మీదికి మళ్ళింది. మనవరాలిని తిట్టకూడదని ఏ పేజీలోనూ లేదు.

నాలుగో వారంలో లేబర్ ఆఫీసునుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మా పెద్దక్క వయసుంటుంది. చంకలో ఫైలు, చేతిలో కలం, మొహంలో కొత్త ఉద్యోగపు శ్రద్ధ. ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాం. కుర్చీలు చూసింది, గడియ వేసి తీసింది, ఉత్తరాలు చదివింది, అన్నిటికీ టిక్కులు పెట్టింది. ఇంత చిన్నచోట ఇంత పద్ధతిగా చూడలేదని మెచ్చుకుంది. నానమ్మ పక్కన ఉండి వినాల్సిన మాట అది. కానీ ఆవిడ చీకటి గదిలో ఉంది. సిటీ బస్సుల కంపెనీ వాళ్ళు కండక్టర్ల కోసం మూడువందల నల్ల గొడుగులు అడిగారు. నూట నలభై అప్పటికి తయారయ్యాయి. వాటికి సుద్దగీతలు పెడుతోంది.

లోపలినుంచి కత్తెర తాత గొంతు వినిపించింది. ఏమన్నాడో తెలియలేదు, చాలా మెల్లగా అన్నాడు. ఆ తర్వాత నానమ్మ మాట మూడు గదులూ దాటి వచ్చింది.

"రేపట్నించి రాకు. కత్తెర ఇక్కడ పెట్టి వెళ్ళు."

మొదటి వాక్యం నాకు అలవాటే. రెండోది కొత్త. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కత్తెర పెట్టి వెళ్ళమని ఎప్పుడూ అనలేదు. మిషన్లు రెండూ ఒకేసారి ఆగాయి.

ఇన్‌స్పెక్టరమ్మ టీ కప్పు కింద పెట్టి, ఆవిడ ఇప్పుడేమన్నారు అని నన్ను అడిగింది. అది మా దగ్గర పలకరింపు లాంటిది మేడం అన్నాను. ఇంతలో కత్తెర తాత నడిమి గదిలోంచి వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. కుర్చీకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కుంటున్నాడు. పలకరింపు విన్న మనిషిలా లేడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఇంకో కాగితం తీసింది. నోటిమాటతో తొలగింపు, ఇన్‌స్పెక్టరు ఎదుటే జరిగింది అని రాసింది. పదిహేను రోజుల్లో రెండింట్లో ఒకటి జరగాలంది. నానమ్మ కారణం రాసి పద్ధతి ప్రకారం తీసేయాలి, లేకపోతే ఆఫీసుకొచ్చి తీసివేత వెనక్కి తీసుకోవాలి. వెనక్కి తీసుకున్నా కారణం రాయాల్సిందే, పనివాడు ఒప్పుకుని సంతకం చేయాల్సిందే. ఈలోగా ఆయన పనికి రావక్కర్లేదు, ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టకూడదు. పదిహేను రోజులూ దాటిపోతే కార్ఖానా అనుమతి ఆగిపోతుంది. ఒక ప్రతి నానమ్మకు, ఒక ప్రతి కత్తెర తాతకు ఇచ్చింది.

ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సరేనమ్మా అన్నాడు. వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎనిమిదింటికి నానమ్మ తాళంచెవి పట్టుకుని వెళ్ళింది. మెట్టు ఖాళీగా ఉంది. ఆవిడ తాళం తీయకుండా కొంతసేపు నిలబడింది. సందు ఆ చివరిదాకా చూసింది. తర్వాత, ఇవాళ తాళం బిగుసుకుపోయింది, నువ్వు తియ్యి అని నాకిచ్చింది. తాళం వెన్నలా తెరుచుకుంది.

రెండు రోజులు కోసి ఉన్న గుడ్డతో గడిచింది. మూడో రోజు నానమ్మే కత్తెర పట్టింది. ఆవిడ కోసిన గొడుగు తెరిస్తే పనసకాయలా వచ్చింది. తర్వాత నేను కోశాను. నాది తెరుచుకోనే లేదు. తోడికోడళ్ళిద్దరూ ఖాళీ మిషన్ల ముందు కూర్చుని, అలవాటు లేని సుఖంతో ఆవులిస్తున్నారు. కండక్టర్ల గొడుగులు ఇంకా నూరుకు పైగా మిగిలాయి. వానలు ఇరవై రోజుల్లో ఉన్నాయి.

అయిదో రోజు నానమ్మ నన్ను కాగితం తెమ్మంది. ఇలాంటి మనిషి ఇక మనకొద్దు, పద్ధతి ప్రకారమే తీసేద్దాం, నాలుగో గడిలో కారణం రాయి అంది.

ఏం రాయను అన్నాను.

"పొగరు అని రాయి."

పొగరు చట్టంలో లేదు నానమ్మా అని, ఉన్నవి చదివాను. ఆలస్యంగా రావడం. ఆవిడ ఆలోచించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనకంటే వెనక వచ్చిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. పనిలో నిర్లక్ష్యం అన్నాను. ఏ ముక్కలోనైనా నూలుపోగంత తేడా చూపించు చూద్దాం అని నా మీదికే వచ్చింది. దొంగతనం అన్నాను. ఈసారి నా చేతి మీద ఒక్కటి వేసింది. తెగిన దారం ముక్క కూడా తెచ్చి డబ్బాలో వేసే మనిషి మీద నోటికొచ్చింది చదువుతావుటే అంది. అది చట్టం మాట, నాది కాదు అన్నాను. ఇక మిగిలింది దుష్ప్రవర్తన. నా ముందు ఏనాడూ గొంతు పెంచలేదు అంది, ఎవరో అడ్డం వాదించినట్టు.

"అయితే 'చాలా మంచివాడు కాబట్టి తీసేశాం' అని రాసేస్తాను."

ఆవిడ కాగితం లాక్కుని, ముందు గదిలో తాను కునుకు తీసే మంచం మీద తలగడ కింద పెట్టేసింది. అసలు ఆ రోజు తాత చీకటి గదిలో ఏమన్నాడు అని అడిగాను. నీకెందుకే, ఊచలు చూసుకో అంది. తిట్టింది గానీ నా వైపు చూడకుండా తిట్టింది. నానమ్మ తిట్టేటప్పుడు కళ్ళలోకి చూసి తిడుతుంది. అందుకే నాకు అనుమానం వచ్చింది.

మరుసటి రోజు కత్తెర తాత ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురి దగ్గర ఉంటాడు, రెండో అంతస్తులో. ఆవిడను పిన్నీ అంటాను. తలుపు తీస్తూనే పిన్ని నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, మీ నానమ్మకు దణ్ణం పెడతాను, మా నాన్నను తీసుకుపో అంది. ఇల్లు చూస్తే సంగతి అర్థమైంది. కిటికీ తెరల అంచులన్నీ గీత గీసినట్టు సరిచేసి ఉన్నాయి. పాత పేపర్లన్నీ గొడుగు ముక్కలై, ఎనిమిదెనిమిది కట్టలుగా టేబుల్ మీద పేర్చి ఉన్నాయి. చిన్న మనవడి జుట్టు కూడా ఒకే వంపులో కనిపించింది.

కత్తెర తాత కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. కూర్చోవడం ఇంకా సరిగ్గా రాలేదు, జారిపోయే మనిషిలా ఉన్నాడు. నానమ్మ పంపిందా అన్నాడు. లేదన్నాను. పంపిందని చెప్పమందా అన్నాడు. అదీ లేదన్నాను. మరి నువ్వే వచ్చావా అని నవ్వాడు.

ఎప్పట్లాగే రేపు పొద్దున వచ్చి మెట్టు మీద కూర్చో తాతా, నానమ్మ ఏమీ అనదు, నాది పూచీ అన్నాను. మళ్ళీ అదే మెట్టు, అదే తాళంచెవి అన్నాను. ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి మోకాలి మీద పరిచాడు.

"నేను కూడా మొదటిరోజు అదే అనుకున్నానే కోతీ. చొక్కా కూడా తొడుక్కున్నాను. కానీ ఈసారి ఊరికే వచ్చేస్తే, నేనన్న మాట ఊరికే అన్నట్టవుతుంది."

ఏం మాట అది అని అడిగాను. అది నేను చెప్పాల్సింది కాదు, అమ్మగారు రాయాల్సింది, చట్టం కూడా అదే అంటోంది అని నాలుగో గడి మీద వేలు పెట్టి చూపించాడు. నేను బయల్దేరుతుంటే, తయారైన నూట నలభై గొడుగులూ ఇంకా బయటికి వెళ్ళలేదుగా అని అడిగాడు. లేదంటే, హమ్మయ్య అన్నాడు.

ఆ హమ్మయ్య నన్ను దారంతా గిల్లుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నానమ్మ అరగంట కునుకు తీస్తుంది. ఆ అరగంటలో చీకటి గదిలోకి దూరి, సుద్దగీత పెట్టిన గొడుగులు ఒక్కొక్కటీ తెరిచి బల్బు మీద బోర్లించాను. మూడో గొడుగులో ఒక చుక్క మెరిసింది. ఏడో దానిలో రెండు. పద్నాలుగో దాన్ని తెరిస్తే ఆకాశంలో ఓ మూల చూసినట్టుంది. నలభై చూసేసరికి చిల్లులున్నవి తొమ్మిది తేలాయి. తొమ్మిదింటి పిడి మీదా నానమ్మ గీత ఉంది, నిటారుగా, ఏ అనుమానమూ లేకుండా.

పాత గొడుగులు కొన్ని ముందు గదిలో ఉంటే అవీ తెచ్చి చూశాను. వాటిలో చుక్కల్లేవు. చుక్కలుండాల్సిన చోట లోపలివైపు గోరంత నల్లగుడ్డ అతుకులు ఉన్నాయి. ఎంత శుభ్రంగా అతికించాడంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. అంటే నానమ్మ కునుకు తీసే అరగంటలో, ఎన్నాళ్ళ నుంచో, ఆవిడ గీత పెట్టిన గొడుగులన్నీ ఆయన మళ్ళీ చూస్తున్నాడు. ఈసారి మూడువందలయ్యేసరికి ఆయన అరగంట చాలక, ఉన్నమాట ఆవిడకే చెప్పేశాడు.

నాకు అప్పుడు నాలుగో గడి అర్థమైంది. అందులో నానమ్మ తన చేత్తో, నాకు కళ్ళు కనిపించట్లేదు అని రాయాలి. పొయ్యి మీది పాలు పొంగినా తప్పు తనది కాదనే మనిషి. రాయకపోతే కార్ఖానా మూతపడుతుంది, కత్తెర తాత పోతాడు. రాస్తే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పెట్టిన గీత మీద ఆవిడే గీత గీసినట్టవుతుంది.

నేను తుంటరిదాన్నే గానీ ఆ రోజు ఏమీ అనలేదు. చిల్లులున్న తొమ్మిది గొడుగులూ ఆవిడ మంచం పక్కన తెరిచి వరసగా పెట్టి, నా పనికి నేను వెళ్ళిపోయాను. సాయంత్రానికి అవన్నీ మూసి, చీకటి గదిలో ఒక మూల ఆనించి ఉన్నాయి. వాటి పిడుల మీద గీతలు తుడిచేసి ఉన్నాయి. నానమ్మ ఆ రాత్రి నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఎంత దిగులేసిందో చెప్పలేను.

పద్నాలుగో రోజు పొద్దున నానమ్మ తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పద అంది. కాగితం చేతిలో ఉంది. దారిలో రిక్షాలో తొంగి చూశాను. నాలుగో గడి ఖాళీగానే ఉంది.

లేబర్ ఆఫీసులో పొడుగాటి బెంచీ మీద కత్తెర తాత అప్పటికే కూర్చుని ఉన్నాడు. నానమ్మ వెళ్ళి బెంచీ ఆ చివర కూర్చుంది. మధ్యలో నేను. ఇద్దరూ ఎదుటి గోడ మీది క్యాలెండరే చూస్తున్నారు. అది పోయిన ఏడాదిది.

ఇన్‌స్పెక్టరమ్మ పిలిచి, కాగితం తీసుకుని, కారణం రాయలేదేం బామ్మగారూ అంది. రాయడానికి చెయ్యి రాలేదమ్మా, చెబుతాను, నువ్వు రాసుకో అంది నానమ్మ. ఇన్‌స్పెక్టరమ్మ కలం తెరిచింది.

"ఆ రోజు ఈయన నాతో, అమ్మా ఈ గొడుగులో మూడు చుక్కలున్నాయి, మీకు కనపట్లేదు అన్నాడు. కనపట్లేదు. అదీ కారణం."

ఇన్‌స్పెక్టరమ్మ కలం కాగితం మీద పెట్టి ఆగిపోయింది. ఇది మా జాబితాలో ఉన్న కారణం కాదండీ, నిజం చెప్పినందుకు ఎవరినీ తీసేయడానికి వీల్లేదు అంది.

"వీల్లేదుగా మరి, కొట్టెయ్యి. ఆ మనిషి నాకు కావాలి."

కత్తెర తాత క్యాలెండరు మీంచి మొహం నానమ్మ వైపు తిప్పాడు. ఆవిడ మాత్రం తిప్పలేదు. నాకు ఎక్కడ చూడాలో తెలియక నా చెప్పులు చూసుకున్నాను.

చట్టం ప్రకారం పనివాడి మాట కూడా వినాలి కాబట్టి, మీరేమైనా చెప్పుకుంటారా అని ఇన్‌స్పెక్టరమ్మ తాతను అడిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. బస్సువాళ్ళ గొడుగులు వెళ్ళేలోపు అమ్మగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నాడు. అంతవరకు ప్రతి గొడుగునూ ఇద్దరు చూడాలన్నాడు. ఇవి రాస్తేనే సంతకం పెడతానన్నాడు.

"యజమానికి షరతులు పెడతావుటయ్యా?" అంది నానమ్మ.

"ఇన్నేళ్ళకు అవకాశం వచ్చిందమ్మా," అన్నాడాయన.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ రెండూ రాసింది. కంటి డాక్టరు సంగతి రాయడానికి గడి లేక, కాగితం అంచున నిలువుగా రాసింది. సంతకం ఇక్కడ పెట్టండి అని నానమ్మకు వేలితో చూపించింది. నానమ్మ కలం గడికి రెండు వేళ్ళ అవతల దిగబోయింది. కత్తెర తాత ఏమీ ఎరగనట్టు కాగితాన్ని రెండు వేళ్ళు ఇటు జరిపాడు. సంతకం సరిగ్గా గడిలో పడింది. తర్వాత ఆయన తన సంతకం చేశాడు. ఇన్‌స్పెక్టరమ్మ ముద్ర వేసింది.

బయటికొచ్చాక నానమ్మ, వచ్చే గురువారం డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అంది. దారిలోనే ఉంది కదమ్మా ఆస్పత్రి అన్నాడు కత్తెర తాత. అలా ఆ రోజే వెళ్ళాం. రెండు కళ్ళలోనూ పొర ఉందని, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారని డాక్టరు అడిగాడు. నానమ్మ ఆయన వైపు చూసి, ఇదిగో ఈయన పుణ్యాన అని కత్తెర తాతను చూపించబోయి, పక్కనున్న కాంపౌండర్ని చూపించింది.

బస్సువాళ్ళ గొడుగులు నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళాయి. మూడువందలూ ఇద్దరిద్దరం చూసి పంపాం. వాన వాటికంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత నానమ్మకు ముందు ఒక కన్ను, నెల తిరిగాక రెండో కన్ను ఆపరేషన్ అయ్యాయి.

నల్లద్దాలు తీసేసి మామూలు కళ్ళజోడుతో కార్ఖానాకు వచ్చిన రోజు, గుమ్మంలో నిలబడి మూడు గదులూ కొత్తింట్లోకి వచ్చినట్టు చూసింది. గోడల రంగు ఇదా అంది. తోడికోడళ్ళ మొహాలు చూసి, మీరిద్దరూ అక్కచెల్లెళ్ళలా ఉన్నారే అంది. ఆ మాటకు వాళ్ళిద్దరూ సాయంత్రం వరకు మాట్లాడుకోలేదు, పని భేషుగ్గా సాగింది. తర్వాత కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళి, కత్తెర తాత మొహంలోకి దగ్గరగా చూసింది.

"ఏమయ్యా, నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది?"

"పదేళ్ళు దాటిందమ్మా."

"చెప్పొద్దూ?"

"అడగనివి చెబితే మీకు కోపం కదమ్మా," అన్నాడాయన, గుడ్డ సర్దుకుంటూ.

చివరికి నా దగ్గరికి వచ్చింది. మంచి చూపు వల్ల ఇంట్లోవాళ్ళకు ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తెలిసింది. నేను ఊచలకు బిగించిన గుడ్డలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, ఇవేం కుట్లే, కోతి కరిచినట్టున్నాయి అని ఇరవై మూడు గొడుగులు విప్పించింది. ఇన్నాళ్ళూ బాగున్నాయన్నావుగా అంటే, ఇన్నాళ్ళూ నువ్వే బాగున్నాయన్నావు, నేను నమ్మాను అంది.

తర్వాత నా పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక గొడుగు ఒళ్ళోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించి ఇద్దామని నేను చెయ్యి చాపితే, పక్కకు తోసింది. దారం కొస నాలుక మీద తడిపి, సూదిని పైకెత్తి, తనే ఎక్కించుకుంది. మొదటిసారికే దూరింది. బల్ల దగ్గర కత్తెర చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.